మన, మా, వాళ్ల: బడిలో మతాల గురించి ఎలా చెప్పాలి?

"ప్రభుత్వ బడిలో మతం మాటే ఎత్తకూడదండీ, రాజ్యాంగం ఒప్పుకోదు." విశాఖలో ఏ హైస్కూలు స్టాఫ్ రూములో కదిపినా ఈ మాట వినిపిస్తుంది. అదే బడిలో తెలుగు మాస్టారు పోతన పద్యాన్ని రాగం తీసి చదివిస్తుంటారు. సోషల్ టీచరు బౌద్ధం, జైనం, భక్తి ఉద్యమం చెబుతుంటారు. దసరాకి సరస్వతి పటం ముందు పుస్తకాలు పెడతారు, డిసెంబరులో గుమ్మానికి నక్షత్రం కడతారు. మతం బడిలోకి ఎప్పుడో వచ్చేసింది. రాకూడదనే భయంతో మనం పోగొట్టుకున్నది ఒకటుంది: దాని గురించి పద్ధతిగా ఎలా చెప్పాలో టీచర్లకు ఎవరూ నేర్పలేదు.

రాజ్యాంగం నిజంగా ఏమంటోందో ముందు చూద్దాం. 28వ అధికరణం మూడు రకాల సంస్థల్ని విడదీస్తుంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట మత బోధన ఉండకూడదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడులు, ప్రభుత్వ గురుకులాలు దీని కిందికి వస్తాయి. మత బోధన జరగాలనే షరతుతో ఏ దాతో, ట్రస్టో స్థాపించిన సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తుంటే ఆ నిషేధం దానికి వర్తించదు. ఇక ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థల్లో మత బోధన, ప్రార్థన ఉండొచ్చు, కానీ వాటిలో పాల్గొనమని పిల్లల్ని బలవంతపెట్టకూడదు. మైనరు అయితే సంరక్షకుల అంగీకారం ఉండాలి. 1847 నాటి సెయింట్ అలోషియస్ మొదలుకొని నిన్నమొన్న ట్రస్టులు పెట్టిన స్కూళ్ల దాకా విశాఖలోని ప్రైవేటు, మిషనరీ బడులు ఈ మూడో రకానివి.

ఈ మూడో క్లాజు దగ్గరే బడులు ఎక్కువగా పొరబడతాయి. "ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా" అనుకుని పిల్లలందర్నీ ప్రార్థనకు కూర్చోబెడతారు. అధికరణంలో ఉన్నది అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే కాదు, "అంగీకారం ఇస్తే తప్ప" అనే షరతు. అడ్మిషన్ ఫారంలో ఆ ప్రశ్న విడిగా ఉండాలి, దాని పక్కన విడిగా సంతకం ఉండాలి. పదిహేను షరతుల చివర "పాఠశాల నియమాలన్నిటికీ కట్టుబడతాము" అని పెట్టించుకున్న సంతకాన్ని ఇందుకు చాలిన అంగీకారం అనుకోవడం పొరపాటు.

మరి మత బోధన అంటే ఏమిటి? 1971లో డీఏవీ కాలేజీ కేసులో, గురునానక్ జీవితం, బోధనల మీద అధ్యయనం జరిపించడం మత బోధన కిందికి రాదని సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో అరుణా రాయ్ కేసులో, మతాల గురించిన విద్యకు పాఠ్యప్రణాళికలో చోటివ్వడం 28వ అధికరణానికి విరుద్ధమన్న వాదనను తోసిపుచ్చింది. అంతకు చాలాముందే 1964-66 నాటి కొఠారీ కమిషన్ మత విద్య వేరు, మతాల గురించిన విద్య వేరు అని స్పష్టంగా రాసింది. 1948-49 విశ్వవిద్యాలయ కమిషన్ అయితే కళాశాలల్లో బుద్ధుడు, కన్ఫ్యూషియస్, సోక్రటీస్, ఏసు, శంకరుడు, మహమ్మద్, కబీర్, నానక్ వంటివారి జీవితాలు చదివించాలని సూచించింది. ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ ఛాన్సలర్. మతాల గురించి చెప్పవచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబు వచ్చి చాలా కాలమైంది. తేలనిది ఎలా చెప్పాలన్నదే.

అసెంబ్లీ గురించి రెండు మాటలు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడి, మత విశ్వాసం కారణంగా పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన మీద వచ్చిన వ్యాజ్యాన్ని 2019 జనవరిలో విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ప్రార్థన విషయంలో ఇంత వివాదం నడుస్తుంటే, దేశంలోని పిల్లలందరూ కలిసి చెప్పే "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావనే లేదని చాలామంది గమనించరు. పైడిమర్రి వెంకటసుబ్బారావు దాన్ని 1962లో విశాఖలోనే, ఖజానా శాఖ ఉద్యోగంలో ఉండగా రాశారు. అన్ని ఇళ్ల పిల్లలూ ఒక్క గొంతుతో చెప్పగలిగే మాటలు ఎలా ఉంటాయో తెలియాలంటే దాన్ని ఒకసారి నెమ్మదిగా చదవాలి.

హద్దు గీత వాక్యంలోనే ఉంది

ఒక టీచరు ఒకే పీరియడ్‌లో ఈ మూడు వాక్యాలూ చెప్పారనుకోండి. "ప్రహ్లాదుణ్ణి కాపాడటానికి నరసింహస్వామి స్తంభంలోంచి వచ్చాడు. ఏసు మూడోరోజు లేచాడని క్రైస్తవులు నమ్ముతారు. మహమ్మదుకి దేవదూత కనిపించాడట." దేనిలోనూ నింద లేదు, దురుద్దేశం లేదు. కానీ మొదటిది జరిగిన సంగతిగా, రెండోది ఎవరిదో నమ్మకంగా, మూడోది చెవినపడ్డ కబురుగా పిల్లల చెవికి చేరింది. ఇదే తరగతి ఒక మిషనరీ బడిలో అయితే వాక్యాలు తిరగబడతాయి: "ఏసు మూడోనాడు లేచాడు. హిందువులు విగ్రహాల్లో దేవుడున్నాడనుకుంటారు." తెలుగులో "అనుకుంటారు" అన్నప్పుడు "కానీ అది నిజం కాదు" అనే అర్థం సగం పలుకుతూనే ఉంటుంది. "అట" అంటే వెటకారం దూరంలో ఉండదు. నిష్పాక్షికత టీచరు మనసులో ఉంటే సరిపోదు, క్రియాపదంలో ఉండాలి.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. కథకు ముందు ఒక్కసారి అది ఎవరి మాటో చెప్పాలి: "వైష్ణవ సంప్రదాయంలో ఈ కథ ఇలా ఉంది", "సువార్తల్లో ఇలా ఉంది", "ముస్లింల విశ్వాసం ప్రకారం". ఆ తర్వాత కథను కథ బలంతోనే చెప్పాలి, ప్రతి వాక్యం చివరా "అని నమ్ముతారు" తగిలించనక్కర్లేదు. అలా తగిలిస్తూ పోతే కథ చచ్చిపోతుంది, పిల్లలు నిద్రపోతారు. ఒకే కొలత అందరికీ వాడారా లేదా అన్నదే చూసుకోవాలి.

ఆధారం ఉన్న సంగతికి మాత్రం వేరే క్రియ కావాలి. సింహాచలం గుడిని మొదట ప్రహ్లాదుడు కట్టించాడని స్థలపురాణం చెబుతుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం వచ్చినట్టు అక్కడి శాసనం చెబుతుంది. రెండూ పాఠంలో ఉండాలి. స్థలపురాణాన్ని తీసేస్తే లక్షలమంది అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనానికి గంటల తరబడి ఎందుకు నిలబడతారో అర్థం కాదు. శాసనాన్ని తీసేస్తే చరిత్ర ఎలా తెలుస్తుందో అర్థం కాదు. "ఇది మనకెలా తెలుసు?" అనే ప్రశ్నను రెండింటికీ వేయించి, జవాబులు వేరువేరుగా రావడం పిల్లలే చూసేలా చేయాలి.

ఇక సర్వనామం. తెలుగులో "మన", "మా" రెండు వేరు మాటలు. వినేవాళ్లను కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా. ఈ భాగ్యం చాలా భాషలకు లేదు, తరగతిలో ప్రమాదం కూడా దీంతోనే. "మనం ఉగాదికి గుడికి వెళ్తాం కదా" అని టీచరు అన్నప్పుడు నలభై మందిలో ఏడుగురు ఆ "మన"లోంచి చప్పుడు కాకుండా జారిపోతారు. "వాళ్ల రంజాన్", "వాళ్ల చర్చి" అన్నప్పుడు ఆ పిల్లలే అందరి కళ్లముందూ "వాళ్లు" అవుతారు. తరగతి గదిలో "మన"ను బడికి, ఊరికి, దేశానికి వాడాలి: మన తొట్లకొండ, మన పాతనగరం. మతం దగ్గరకు వచ్చేసరికి పేరు పెట్టి చెప్పాలి: శ్రీవైష్ణవులు, కేథలిక్కులు, సున్నీ ముస్లింలు, సిక్కులు.

గౌరవవాచకాల చిక్కు ఇంకొకటి. మనం రాముణ్ణి "వచ్చాడు" అనేది చనువుతో, తక్కువ చేసి కాదు. ఆ చనువే మహమ్మద్ ప్రవక్త విషయంలో వాడితే ముస్లిం పిల్లల చెవికి గట్టిగా గుచ్చుకుంటుంది. ఏసును క్రైస్తవులు ప్రార్థనలో "నీవు" అంటారు, కానీ బయటివాళ్లు "వాడు" అంటే భరించలేరు. తరగతిలో మతస్థాపకులు, గురువులు, ప్రవక్తలు అందరికీ "ఆయన, ఆమె, చెప్పారు, వచ్చారు" వాడటం మేలు. పురాణ కథ చదివేటప్పుడు మూలంలో ఎలా ఉంటే అలా చదవొచ్చు. ఈ నియమాన్ని మొదటి రోజే పిల్లలకు కారణంతో సహా చెప్పేస్తే తర్వాత ఎవరూ ఎవర్నీ వేలెత్తి చూపరు.

"అన్ని మతాలూ చెప్పేది ఒక్కటే"

ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ టీచర్లు ఎత్తుకునే వాక్యం ఇది. మంచి మనసుతో చెప్పేదే. కానీ ఇదొక సిద్ధాంతం, దానికి ఒప్పుకోనివాళ్లు ప్రతి మతంలోనూ ఉన్నారు. అల్లాహ్ ఒక్కడే, ఆయనకు సాటి లేరన్నది ఇస్లాం మూలం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం ఎక్కువమంది క్రైస్తవుల విశ్వాసం. బౌద్ధం సృష్టికర్త మీద నిలబడదు. జైనానికీ సృష్టికర్త లేడు. మరుజన్మ ఉందన్నవాళ్లూ ఉన్నారు, ఒకే జన్మ, ఆపైన తీర్పు అన్నవాళ్లూ ఉన్నారు. "ఒక్కటే" అనేస్తే ఈ తేడాలన్నీ పైపై పూతలని చెప్పినట్టవుతుంది. అప్పుడు పిల్లవాడు తన ఇంట్లో విన్నదానికీ టీచరు మాటకీ పొంతన లేక ఏదో ఒకదాన్ని అబద్ధమనుకుంటాడు. సమానమైనవి హక్కులు, గౌరవం. చెప్పే సంగతులు ఒకేలా ఉండక్కర్లేదు. తేడా ఉన్నా పక్కపక్క బెంచీల మీద కూర్చోగలమన్నది పిల్లలు నేర్చుకోవాల్సిన కష్టమైన పాఠం. తేడాయే లేదని నమ్మించడం సులువైన దారి, మొదటి గొడవకే అది కూలిపోతుంది.

గడుల్లో పట్టనివాళ్లు

ఈ మధ్య విద్యారంగంలో "మతాలు, జీవన దృక్పథాలు" అనే జంట మాట వినిపిస్తోంది. ఇది ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ 1944 చట్టంతో బడుల్లో మత బోధన తప్పనిసరి అయింది, 1988 చట్టం దానికి మత విద్య అని పేరు మార్చి, క్రైస్తవంతో పాటు దేశంలోని ఇతర ప్రధాన మతాలనూ లెక్కలోకి తీసుకోమంది. తల్లిదండ్రులు కోరితే పిల్లల్ని ఆ తరగతి నుంచి తప్పించుకోవచ్చు. 2018లో అక్కడి మత విద్యా కమిషన్ ఆ సబ్జెక్టు పేరునే "మతం, జీవన దృక్పథాలు" అని మార్చమని సూచించింది. కారణం సూటిగా ఉంది. ఆరు మతాలకు ఆరు గడులు గీసి, ఒక్కోదానికి స్థాపకుడు, గ్రంథం, పండుగ, గుడి అని నింపుకుంటూ పోతే మనుషులు కనపడకుండా పోతారు. ఏ మతమూ లేనివాళ్లకు అసలు గడే ఉండదు.

విశాఖలో ఈ గడుల లెక్క ఎంత వేగంగా చెదిరిపోతుందో చూడండి. సింహాచలంలో వైష్ణవ ఆగమం ప్రకారం అర్చకులు పూజ చేస్తారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పే లేదు, భక్తులు స్వయంగా పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంటారు. రెండింటినీ "హిందూమతం: గుడి" అనే ఒక్క గడిలో పెడితే రెండూ అర్థం కావు. రాస్ హిల్ మీది మేరీమాత దగ్గరకు కేథలిక్కులు కొవ్వొత్తులతో ఎక్కుతారు, బాప్టిస్టులు, పెంతెకోస్తులు మేరీమాతకు ప్రార్థన చేయరు. దర్గాకు వెళ్లి మొక్కుకునే ముస్లింలు ఉన్నారు, అలా అడగడం తగదనే ముస్లింలూ ఉన్నారు, దర్గాకు వెళ్లే హిందువులకు కొదవ లేదు. అరకు, పాడేరు నుంచి వచ్చి నగరంలో హాస్టల్లో ఉండి చదివే ఆదివాసీ పిల్లలకు చైత్రంలో వచ్చే ఇటుకల పండుగ ఏ గడిలోది? హేతువాదులు, నాస్తికులు ఆంధ్రదేశానికి కొత్తవాళ్లు కారు. గోరా 1940లో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947 నుంచి విజయవాడలో ఉంది. ఇంకా వెనక్కి వెళ్తే దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని ప్రాచీన చార్వాకులు. దేవుణ్ణి నమ్మని కుటుంబం నుంచి వచ్చిన పిల్ల కూడా మంచీ చెడూ గురించి, చావు గురించి ఏదో ఒక ఆలోచనతోనే బడికొస్తుంది. దాన్నే జీవన దృక్పథం అంటున్నాం.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. తరగతిలో "హిందువులు చేతులెత్తండి, క్రైస్తవులు చేతులెత్తండి" అని ఎన్నడూ అడగకూడదు. మర్యాద మాట అలా ఉంచండి, ఆంధ్రలో దీని వెనక కాగితాల సమస్య ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే ఉంది. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సిగా లెక్కిస్తారు. ఆదివారం చర్చికి వెళ్లే ఇంటి పిల్లవాడి సర్టిఫికెట్‌లో ఏముందో టీచరుకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నలుగురి ముందు అడిగిన ఒక్క ప్రశ్న ఆ ఇంటి స్కాలర్‌షిప్పు మీదికి రావొచ్చు. అలాగే ఒక పిల్లను నిలబెట్టి "మీలో ఎందుకిలా చేస్తారో చెప్పమ్మా" అనకూడదు. ఆమెకు పన్నెండేళ్లు, తన మతం మొత్తానికి ప్రతినిధి కాదు. తనంతట తాను చెబితే "మీ ఇంట్లో అలా చేస్తారన్నమాట" అని వినాలి, దాన్ని "ముస్లింలు అలా చేస్తారు" అని సాగదీయకూడదు.

కొండ అనే పాఠం: ఆరు పీరియడ్లు

మతం తర్వాత మతంగా చెప్పడం కన్నా ఒక అంశం పట్టుకుని చెప్పడం మంచిది. విశాఖ పిల్లలకు "కొండ"ను మించిన అంశం దొరకదు. ఎనిమిదో తరగతికి, నలభై మందికి, 45 నిమిషాల పీరియడ్లు ఆరు సరిపోతాయి.

మొదటి పీరియడ్‌లో పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాయించాలి. గుండు ఎందుకు చేయించుకుంటారు, బురఖా ఎందుకు, కొందరిని కాలుస్తారు కొందరిని పూడుస్తారెందుకు, దేవుడుంటే కరోనా ఎందుకొచ్చింది, ఇలా వస్తాయి. టీచరు వాటిని ఇంటికి తీసుకెళ్లి మూడు కుప్పలు చేయాలి. సమాచారం చెబితే తీరేవి, నమ్మేవాళ్ల దృష్టిలో అర్థం చెప్పాల్సినవి, నిజమా కాదా అని అడిగేవి. మొదటి రెంటికీ తరగతిలో జవాబివ్వొచ్చు. మూడో కుప్ప చీటీని దాచిపెట్టకూడదు, తీర్పూ చెప్పకూడదు. "దేవుడున్నాడా?" అని ఉంటే, ఉన్నాడనేవాళ్లు చెప్పే కారణం ఒకటి, లేడనేవాళ్లు చెప్పే కారణం ఒకటి, తేల్చలేమనేవాళ్లు చెప్పేది ఒకటి, సమానమైన బలంతో చెప్పి ఆగాలి. "మీరు నమ్ముతారా టీచర్?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నాకూ ఒక అభిప్రాయం ఉంది. ఇప్పుడు చెబితే మీరు నన్ను చూసి జవాబులు రాస్తారు, అందుకని చెప్పను" అంటే పిల్లలు అర్థం చేసుకుంటారు. చీటీలను అప్పటికప్పుడు విప్పి చదవడం పెద్ద తప్పు. ఎవరినో నొప్పించాలని రాసిన చీటీ ఒకటైనా అందులో ఉంటుంది.

రెండో పీరియడ్ తొట్లకొండది. ఇప్పుడు పూజలు జరిగే చోటు కాదు కాబట్టి మొదలుపెట్టడానికి భయం తక్కువ. భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గరి ఈ కొండ మీద బౌద్ధారామం ఉన్నట్టు 1976లో నౌకాదళం సర్వేతో బయటపడింది, 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి, ఆ తొట్ల వల్లే పేరొచ్చింది. శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఫొటోలిచ్చి ఐదుగురు చొప్పున ఎనిమిది గుంపులకు ఒక్కటే ప్రశ్న వేయాలి: ఈ రాళ్లను చూసి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం? వాన నీళ్లు దాచుకున్నారని చెప్పగలం. సముద్ర వ్యాపారులతో సంబంధం ఉందని ఊహించగలం. ధ్యానంలో ఏమనుకున్నారో రాయి చెప్పదు. బౌద్ధాన్ని "ఒకప్పటి మతం" అని ముగిస్తే మాత్రం తప్పు. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో అంబేద్కర్ తీసుకున్న దీక్షను చెప్పాలి, ఆ దారిలో ఉన్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

మూడో పీరియడ్‌కి హార్బరు ముఖద్వారం దగ్గరి మూడు కొండలు: దర్గా కొండ, రాస్ హిల్, వేంకటేశ్వర కొండ. అక్కడికి ఎలా తీసుకెళ్లాలో తర్వాత చూద్దాం. నాలుగో పీరియడ్‌కి టీచరు ముందే నాలుగైదు చిన్న వాచకాలు రాసుకోవాలి, ఒక్కోటి 120 మాటలకు మించకుండా. కొండెక్కే భక్తురాలు ఒకరు, దర్గా దగ్గర చాదర్ సమర్పించే మనిషి ఒకరు, కొండే దేవత అనే ఆదివాసీ పెద్ద ఒకరు, పొద్దున్నే నడకకు కైలాసగిరి ఎక్కే, దేవుణ్ణి నమ్మని మనిషి ఒకరు. ప్రతి వాచకాన్నీ ఆ సంప్రదాయంలోని పెద్ద ఒకరికి చూపించి "మీ మాట ఇదేనా?" అని అడగకుండా తరగతిలోకి తేకూడదు. ఆదివాసీ గొంతు దగ్గర నియమగిరిని చెప్పొచ్చు. ఒడిశాలోని ఆ కొండను డోంగ్రియా కోందులు నియమరాజుగా కొలుస్తారు. అక్కడ బాక్సైట్ గని వద్దా కావాలా అన్నదాంట్లో వాళ్ల మత హక్కును గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, 12 గ్రామసభలూ గనిని కాదన్నాయి. కొండ మీద గుడి ఉండటం వేరు, కొండే దేవుడవడం వేరు. ఈ తేడా పట్టుకున్న పిల్లలు ఇక గడులు నింపరు.

ఐదో పీరియడ్ అభిప్రాయభేదానికి. కైలాసగిరి మీది శివపార్వతుల విగ్రహాల ఫొటో పెట్టి "ఇది గుడా, పార్కా?" అని అడిగితే చాలు. కొందరు దండం పెడతారు, కొందరు సెల్ఫీ తీసుకుంటారు, కొందరు రెండూ చేస్తారు. చోటు పవిత్రం కావడానికి ఏం కావాలో పిల్లలే వాదించుకుంటారు. వాదనకు ఒకే నియమం: ఎదుటివాళ్ల మాటను వాళ్లు తలూపేలా ముందు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే కాదనాలి.

ఆరో పీరియడ్‌లో రాత. పది మార్కులనుకుంటే నాలుగు సమాచారం సరిగ్గా ఉన్నందుకు, మూడు నమ్మేవాళ్లు ఒప్పుకునేలా వాళ్ల అర్థాన్ని చెప్పినందుకు, మూడు ఒకే మతంలోని తేడాను గుర్తించినందుకు. "నీకు ఏది నచ్చింది", "ఏది గొప్పది" అనే ప్రశ్నలు ప్రశ్నపత్రంలో ఉండకూడదు. పిల్ల భక్తికి గానీ అవిశ్వాసానికి గానీ మార్కులు పడకూడదు.

కొండ ఎక్కించేటప్పుడు

మూడు కొండల దగ్గరకు తీసుకెళ్లాలనుకుంటే పది రోజుల ముందు ఇళ్లకు ఉత్తరం పంపాలి. అందులో నాలుగు సంగతులు చాలు: ఎక్కడికి, పాఠంలోని ఏ భాగం కోసం, పూజలోనూ ప్రార్థనలోనూ పాల్గొనడం ఉండదు, రానక్కర్లేదనుకున్న పిల్లలకు బడిలో ఇదే పాఠం మీద వేరే పని ఉంటుంది. శుక్రవారం దర్గాకి, ఆదివారం చర్చికి, శనివారం వేంకటేశ్వరుడికి రద్దీ రోజులు. బుధవారం పొద్దున తేలిక. పదిమందికి ఒక టీచరు ఉండాలి.

టీచరు వారం ముందే వెళ్లి అక్కడి పెద్దలకు మూడు ప్రశ్నలు రాసిచ్చి రావాలి: ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు, వచ్చి ఏం చేస్తారు. పది నిమిషాలు చాలు. ఎంత చెప్పినా ఎవరో ఒకరు ఉత్సాహంలో ప్రబోధంలోకి దిగుతారు. కోపగించుకోనక్కర్లేదు, "పిల్లల ప్రశ్నలు వింటారాండీ" అని మళ్లిస్తే సరిపోతుంది. గుడిలో ప్రసాదం, దర్గాలో అలాంటిదే తబర్రుక్ ఇస్తారు, తీసుకోవడం తీసుకోకపోవడం పిల్లల ఇష్టం. వద్దనుకుంటే చేతులు జోడించి "వద్దండీ" అనడం బస్సులోనే నేర్పాలి. తనంతట తాను దండం పెట్టుకునే పిల్లను ఆపకూడదు, పెట్టమని చెప్పనూ కూడదు.

ప్రతిచోటా బయట ఉండి చేసే పని ఒకటి తప్పకుండా పెట్టాలి: మెట్లు లెక్కపెట్టడం, గుమ్మం మీది రాతలు ఏయే లిపుల్లో ఉన్నాయో రాసుకోవడం, బయట అమ్మే వస్తువుల పట్టిక తయారుచేయడం. నెలసరిలో ఉన్న ఆడపిల్ల, ఇంట్లో వద్దన్న పిల్లవాడు, తలమీద గుడ్డ కప్పుకోవడం ఇష్టం లేనివాళ్లు ఎవరైనా సరే, కారణం చెప్పకుండా ఆ పనిలో ఉండిపోయే వీలుండాలి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్ల చాలా పర్యటనలు పిల్లలకు అవమానంగా మిగులుతాయి.

కేసుల భయం టీచర్లకు నిజంగానే ఉంది. మత భావాలను గాయపరచడం గురించిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 295-ఎ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను. ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో చేసిన పనికే అది వర్తిస్తుంది. సదుద్దేశంతో పాఠం చెప్పడం దాని కిందికి రాదు. అయినా ఫిర్యాదు వచ్చినప్పుడు నిలబడేది కాగితమే. పాఠ ప్రణాళిక హెడ్మాస్టరు సంతకంతో ఉండాలి, వాచకాలు దాచి ఉంచాలి, పిల్లలు రాసిన చీటీలు కూడా. ఫిర్యాదు చేసిన తల్లిదండ్రులకు ముందు ఆ వాచకమే చేతిలో పెట్టాలి. చాలాసార్లు పిల్లవాడు ఇంటికి మోసుకెళ్లిన వాక్యానికీ కాగితం మీది వాక్యానికీ మధ్య "అట" అంత తేడా ఉంటుంది.

ఏ నెలలో పెట్టాలన్నది ఆఖరి చిక్కు. పండుగ లేని నెల లేదు, రంజాన్ అయితే ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. జూన్‌లో బడి తెరిచి పిల్లల పేర్లు, తీరు కాస్త తెలిసిన తర్వాత, పరీక్షలకు ముందు, జూలై బాగుంటుంది. ఎక్కువ ఏళ్లలో ఆషాఢ పౌర్ణమి ఆ నెలలోనే వస్తుంది, సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నగరం మధ్యలోంచే సాగుతుంది. హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం దారిలో ఇల్లున్న ప్రతి పిల్లా దాన్ని చూస్తుంది, ఏ ఇంటి పిల్ల అయినా సరే. మర్నాడు తరగతిలో ఎవరు నడిచారని అడగొద్దు. మీ వీధిలో ఎవరు నీళ్లిచ్చారు, చెప్పులు లేకుండా నడిచినవాళ్లు కాళ్లకు ఏం చేసుకున్నారు, రోడ్డు ఊడ్చింది ఎవరు, ఎన్నింటికి అని అడిగితే నలభై మంది దగ్గరా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.